తాగకపోయినా ఇంటర్‌లాక్ ఫెయిల్ చూపిస్తే

కాలిఫోర్నియాలో మొదటి డ్రంక్ డ్రైవింగ్ శిక్షకు, ఎవరికీ గాయాలు కాని కేసైతే, ఇంటర్‌లాక్ (ఊదినప్పుడు ఆల్కహాల్ తగిలితే కారు స్టార్ట్ కానివ్వని పరికరం) గడువు మామూలుగా 6 నెలలు. పరికరం బిగించగానే బండి తీయకండి. డీయూఐ (తాగి బండి నడపడం) క్లాసుల్లో చేరిన రుజువు, బిగించిన షాపు ఇచ్చే డీఎల్ 920 (బిగించినట్టు ధ్రువీకరణ), ఇన్సూరెన్స్ వాళ్ల ఎస్ఆర్ 22 (బీమా ఉన్నట్టు రుజువు), ఫీజు డీఎంవీకి (లైసెన్సులు ఇచ్చే రాష్ట్ర మోటారు వాహనాల శాఖకు) చేరి, పరిమిత లైసెన్సు చేతికి రావాలి.

ఎక్కువమందిని ఏడిపించేది నోట్లో మిగిలిన ఆల్కహాల్. మౌత్‌వాష్, దగ్గు మందు, ఈస్ట్ వేసిన బ్రెడ్డు, చేతుల మీది శానిటైజర్ ఆవిరి కూడా పరికరంలో ఆల్కహాల్‌ను పట్టే ఫ్యూయల్ సెల్ సెన్సర్‌కు తగులుతాయి. ఫెయిల్ పడితే కారు వదిలి వెళ్లిపోవద్దు, అదే పెద్ద పొరపాటు. నీళ్లతో బాగా పుక్కిలించి, 15 నిమిషాలు ఏమీ తినకుండా ఆగి మళ్లీ ఊదండి. నోటిలోదైతే రీడింగు సున్నాకు పడిపోతుంది. రక్తంలోదైతే అంత త్వరగా దిగదు. రికార్డులో కనిపించే ఆ తేడాయే మీకు సాక్ష్యం.

దారిలో మళ్లీ ఊదమంటే కంగారు పడకండి, ఇంజిన్ ఆగదు. పక్కకు తీసి ఊదండి.

బ్యాటరీ విప్పించే ముందు ఇంటర్‌లాక్ కంపెనీకి ఫోన్ చేసి చెప్పండి, మెకానిక్ రసీదు దాచండి. లేకపోతే కరెంటు తెగడం ట్యాంపరింగ్‌గా (పరికరాన్ని కావాలని కెలికినట్టు) నమోదు కావచ్చు. పరికరానికి 60 రోజులకోసారి చేయించాల్సిన సర్వీసు తప్పితే కారు లాక్ అవుతుంది, టోయింగ్ ఖర్చు మీదే.