పిల్లల అలవాటు మార్చబోతే ఎదురుతిరిగిందా? ఎక్కడ తేడా కొట్టిందో చూడండి

ఫోన్ చూపిస్తే గానీ ముద్ద మింగని పిల్లలు, కిరాణా కొట్టు ముందు నేలమీద పడి దొర్లే పిల్లలు, పుస్తకం తీయమనగానే కడుపునొప్పి వచ్చే పిల్లలు చాలా ఇళ్ళలో ఉన్నారు. పెద్దవాళ్ళూ ఊరికే కూర్చోలేదు. తిట్టి చూశారు, బతిమాలి చూశారు, గోడకి స్టార్ల చార్టు అంటించి చూశారు. నాలుగు రోజులు బాగానే నడిచి మళ్ళీ మొదటికొచ్చింది. "వీడి తత్వమే అంత, అచ్చం వాళ్ళ తాత పోలిక" అనుకుంటే ఇక చేసేదేమీ ఉండదు. ప్రవర్తనను మార్చే పద్ధతుల మీద పనిచేసే మనస్తత్వవేత్తలు తత్వం జోలికి పోరు. ఆ పని చేయగానే వాడికి ఏం దక్కింది అని అడుగుతారు. అమెరికన్ మనస్తత్వవేత్త థార్న్‌డైక్ తలుపు గడియ ఉన్న పెట్టెల్లో పిల్లుల్ని ఉంచి చేసిన ప్రయోగాలను 1898లో ప్రచురించాడు. సుఖమైన ఫలితం ఇచ్చిన పని మళ్ళీ మళ్ళీ జరుగుతుందని, ఇవ్వనిది క్రమంగా తగ్గుతుందని వాటిలో తేలింది. బీఎడ్, డీఎస్సీ చదివినవాళ్ళకు ఇది ఫలిత నియమంగా తెలుసు. పరీక్ష అయ్యాక మరిచిపోయేదీ దీన్నే.

ఏ సమస్యకైనా ముందు ఓ వారం పాటు కాగితం మీద మూడు గడులు గీసి రాయండి. దానికి ముందు ఏం జరిగింది, పిల్లాడు ఏం చేశాడు, వెంటనే మీరు ఏం చేశారు. "మొండికేశాడు" అని రాస్తే పనికిరాదు. "ఫోన్ తీసుకోగానే పావుగంట ఏడ్చాడు, నాన్న తిరిగి ఇచ్చాడు" అని రాయాలి. చాలాసార్లు మూడో గడి చూసేసరికే కారణం దొరికిపోతుంది. పైగా మొదట్లో ఎంత ఉండేదో రాసి లేకపోతే, తరువాత తగ్గిందో లేదో ఎలా తెలుస్తుంది?

పట్టించుకోకుండా వదిలేస్తే ఏడుపు రెట్టింపైంది

చాలామంది చేతులెత్తేసేది ఇక్కడే. నిజానికి పద్ధతి పనిచేయడం మొదలైందనడానికి ఇది గుర్తు కావచ్చు. ఇన్నాళ్ళూ ఏడిస్తే ఫోన్ వచ్చేది, ఇప్పుడు రావడం లేదు. నొక్కిన బటన్‌కి లిఫ్ట్ రాకపోతే మనం టకటకా నాలుగుసార్లు నొక్కినట్టే వాడూ ఇంకొంచెం గట్టిగా ఏడ్చి చూస్తాడు, కంచం తోసి చూస్తాడు. ఒక పనికి దొరికే ప్రతిఫలాన్ని, అంటే పునర్బలనాన్ని ఆపేస్తే ఆ పని తగ్గిపోవడాన్ని విరమణ అంటారు. తగ్గేముందు అది ఒకసారి ఎగసిపడటం మామూలే. మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్‌కు విరమణ మొదటిసారి కంటపడింది కూడా యంత్రం మొరాయించడం వల్లే. ఎలుక మీట నొక్కితే తిండి గుళిక పడే పెట్టె అది. ఒకరోజు గుళికలు వచ్చే దారి ఇరుక్కుపోయింది. ఎలుక నొక్కుతూనే పోయి చివరికి తగ్గించుకుంది.

పిల్లల విషయంలో దీన్ని స్పష్టంగా చూపించిన ఉదాహరణ 1959లో సి.డి. విలియమ్స్ అనే ఆయన అచ్చువేసిన చిన్న నివేదిక. పిల్లాడి వయసు 21 నెలలు. పుట్టిన మొదటి ఏడాదిన్నరలో ఎక్కువభాగం జబ్బుతో గడిచింది, అప్పుడు ఇంటిల్లిపాదీ వాడి చుట్టూనే ఉన్నారు. ఆరోగ్యం కుదుటపడినా రాత్రి పడుకోబెట్టినవాళ్ళు గదిలోంచి కదిలితే చాలు, ఏడుపు. వాడు నిద్రపోయేదాకా అరగంట నుంచి రెండు గంటలు ఎవరో ఒకరు కూర్చోవాల్సిందే. చివరికి ముద్దుచేసి పడుకోబెట్టి తలుపు వేసేసి, మళ్ళీ లోపలికి వెళ్ళకూడదని నిర్ణయించారు. మొదటిరోజు 45 నిమిషాలు ఏడ్చాడు. పదోసారి వచ్చేసరికి మూలుగు కూడా లేదు, నవ్వుతూ పడుకున్నాడు. దాదాపు వారం తరువాత పడుకోబెట్టడం వాళ్ళ మేనత్తో పిన్నో, ఆవిడ వంతయింది. పిల్లాడు ఏడ్చాడు, ఆవిడ వెనక్కి వచ్చి నిద్రపోయేదాకా ఉండిపోయింది. దాంతో అంతా మళ్ళీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. రెండోసారి కూడా ఏడుపు ఆగిపోయింది, తరువాత రెండేళ్ళలో ఆ గొడవ తిరిగి రాలేదు.

ఆ ఇంట్లో ఆవిడ చేసిన పని మన ఇళ్ళలో ఎవరు చేస్తారో నేను చెప్పనక్కర్లేదు. అమ్మమ్మనో తాతయ్యనో తప్పుపట్టి లాభం లేదు, వాళ్ళకు ముందే చెప్పకపోవడం మనదే తప్పు. రోజూ లొంగే ఇంటికంటే పదిసార్లలో ఒక్కసారి లొంగే ఇంట్లో మారాం మొండిదవుతుంది. ఎప్పుడో ఒకసారి దక్కే ప్రతిఫలంతో నిలబడిన అలవాటు, ప్రతిసారీ దక్కేదానికంటే చాలా ఆలస్యంగా పోతుంది. లాటరీ టికెట్లు అమ్ముడుపోయేది దీని మీదే.

కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళందరూ ఒకే మాట మీద ఉండగలిగినప్పుడే మొదలుపెట్టండి. చుట్టాల పెళ్ళి ఉన్న వారంలో, రైలు ప్రయాణానికి ముందు వద్దు. నిలబడలేం అనిపిస్తే ఏడుపు మొదలవకముందే ఇచ్చేయండి, ఏడ్చాక మాత్రం ఇవ్వకండి. మారాం చేయకుండా మాటల్లో అడిగినప్పుడు వెంటనే పలకండి, అది లేకుండా ఊరికే పట్టించుకోకపోవడం ఒట్టి క్రూరత్వం. కొన్నాళ్ళు బాగుండి ఒకరోజు హఠాత్తుగా పాత ఏడుపు వస్తే బెంబేలు పడొద్దు. పుస్తకాల్లో అయత్నసిద్ధ స్వాస్థ్యం అనేది అదే, ఆ రోజు కూడా నిలబడితే త్వరగానే సర్దుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లాడు ఒక పూట రెండు ముద్దలు తక్కువ తింటే నష్టం లేదు. బరువు తక్కువున్నా, జబ్బు ఉన్నా డాక్టర్‌ని అడగందే తిండి దగ్గర ఈ పట్టుదల వద్దు. తల గోడకేసి కొట్టుకోవడం, తనను తాను కొరుక్కోవడం లాంటివి ఉంటే ఇంట్లో సొంతంగా ఈ పద్ధతి అసలు మొదలుపెట్టకూడదు.

తిడితే ఆగుతాడు, పది నిమిషాలకి మళ్ళీ అదే

మీ కాగితంలో మూడో గడి చూడండి. చెల్లెల్ని గిల్లినప్పుడు వంటింట్లోంచి అమ్మ, హాల్లోంచి నాన్న పరుగెత్తుకొచ్చారు. బుద్ధిగా బొమ్మలు వేసుకుంటున్న అరగంటలో ఒక్కరూ తలెత్తి చూడలేదు. తిట్టు కూడా పలకరింపే, కరువులో ఉన్న పిల్లాడికి అదీ చాలు.

ఇంకో కారణం మన వైపు ఉంది. అరవగానే గోల ఆగింది, చెవులకి హాయిగా ఉంది. కాబట్టి రేపు మనం ఇంకా త్వరగా అరుస్తాం. బాధ తొలగిపోవడం వల్ల ఒక పని బలపడటాన్ని రుణాత్మక పునర్బలనం అంటారు. పోటీ పరీక్షలు రాసేవాళ్ళు దీన్ని దండనతో కలిపేసి మార్కులు పోగొట్టుకుంటారు. దండన పనిని తగ్గిస్తుంది, పునర్బలనం ఏ రకమైనా పెంచుతుంది. దోమల బత్తి వెలిగిస్తే కుట్టడం ఆగింది, అందుకే రేపు కూడా వెలిగిస్తాం. ఇక్కడ అరవడం నేర్చుకున్నది పిల్లాడు కాదు, మనం.

దండనలో ఇంకో లోపం, ఏం చేయకూడదో చెబుతుంది గానీ ఏం చేయాలో చెప్పదు. అందుకే మానేయాల్సిన పనితో పాటు ఒకేసారి చేయలేని మంచి పని ఒకటి చూసుకుని, దాన్ని పెంచాలి. రెండు చేతులతో బ్లాకులు పేరుస్తున్నవాడు చెల్లెల్ని గిల్లలేడు. అప్పుడు, అక్కడికక్కడే, "చెల్లికి కూడా రెండు బ్లాకులు ఇచ్చావే, బాగుంది" అనండి. "గుడ్ బాయ్" అంటే దేనికి అన్నారో వాడికి తెలియదు. సాయంత్రం నాన్న వచ్చాక చెప్పే పొగడ్త చేదు కాదు గానీ, పొద్దున చేసిన పనికి అది అతకదు. బడికి వెళ్ళి "రెండు తగిలించండి సార్" అని చెప్పి వచ్చే తండ్రులు ఇంకా ఉన్నారు. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం బడిలో పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం నిషేధం. చట్టం సంగతి పక్కన పెట్టినా, దెబ్బతో పిల్లాడికి బాగా ఒంటబట్టేది దొరక్కుండా చేయడమే.

స్టార్ల చార్టు వారం నడిచింది, తరువాత మోజు తీరిపోయింది

స్టార్‌కి సొంతంగా విలువ లేదు, దాంతో ఏం వస్తుందన్నదే విలువ. ఇలినాయ్ రాష్ట్రంలోని ఒక మానసిక చికిత్సాలయంలో టియోడోరో అయ్యోన్, నేథన్ అజ్రిన్ అనే మనస్తత్వవేత్తలు 1960లలో టోకెన్ల పద్ధతి నడిపారు. పని చేసిన రోగులకు టోకెన్లు, వాటితో కోరుకున్న వస్తువో వెసులుబాటో. అక్కడ మార్పిడి ఖాయంగా జరిగేది. మన చార్టుల్లో "ముప్ఫై స్టార్లు వస్తే సైకిల్" అని రాస్తాం. ఆరేళ్ళవాడికి ముప్ఫై రోజులంటే ఎప్పుడో. మొదట్లో మూడు స్టార్లకి ఏదో ఒకటి చేతికి రావాలి, అదీ డబ్బు ఖర్చయ్యేది కాకపోయినా ఫర్వాలేదు. రాత్రి ఇంకో కథ, నాన్నతో బండి మీద ఒక రౌండు, రేపటి టిఫిన్ ఏమిటో చెప్పే హక్కు. ఒకే బహుమతి రోజూ ఇస్తే మొహం మొత్తుతుంది, మార్చండి. పని అలవాటయ్యాక స్టార్లు దూరం చేస్తూ పొగడ్త ఒక్కటే మిగల్చండి.

ఒక జాగ్రత్త. వాడు ఇష్టంగా చేస్తున్నదానికి చార్టు పెట్టకండి. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వవేత్తలు నర్సరీ పిల్లల మీద చేసిన ప్రయోగంలో, బొమ్మలు వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి ఇచ్చిన పిల్లలు తరువాత తమంతట తాము బొమ్మలు వేయడం తగ్గించేశారు. చెప్పకుండా ఇచ్చినవాళ్ళలో ఆ తగ్గుదల లేదు. కథల పుస్తకాలు చదివే పిల్లకి పేజీకి రూపాయి అనడం కంటే చెడగొట్టే మార్గం నాకు తోచదు.

ఎంత చెప్పినా అసలు మొదలే పెట్టడు

మొదలుపెట్టని పనికి మెచ్చుకోలు ఎలా ఇస్తాం? మెట్టు ఎత్తు తగ్గించాలి. "గంట కూర్చుని హోంవర్క్" బదులు సంచిలోంచి పుస్తకం తీసి బల్లమీద పెట్టడం దగ్గర మొదలు. అది కుదిరాక ఒక లెక్క, తరువాత మూడు. ముందటి మెట్టుకి మెచ్చుకోలు ఆపి పై మెట్టుకే ఇస్తూ పోవడాన్ని రూపణం అంటారు. కష్టమైన పని ముందు, ఇష్టమైన పని వెనక పెట్టండి. "రెండు లెక్కలు చేసి క్రికెట్‌కి వెళ్ళు" అనే అమ్మలకి మనస్తత్వవేత్త డేవిడ్ ప్రీమాక్ పేరు తెలియకపోవచ్చు, ఆయన సూత్రం మాత్రం అదే. "ఆడుకుని వచ్చాక చేస్తా" అన్న ఒప్పందం మాత్రం నడవదు.

జరిమానా పెడితే ఇంకా హాయిగా చేస్తున్నాడు

ఇజ్రాయెల్‌లోని హైఫాలో పిల్లల్ని తీసుకెళ్ళడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు కొన్ని డే కేర్లలో చిన్న జరిమానా పెట్టి చూశారు. నీజీ, రస్టికీనీ అనే ఆర్థికవేత్తలు 2000లో ఆ ఫలితాలు ప్రచురించారు. ఆలస్యాలు తగ్గలేదు, పెరిగాయి. జరిమానా ఎత్తేశాక కూడా పాత స్థాయికి దిగలేదు. అంతకుముందు ఆలస్యమైతే మొహమాటంగా ఉండేది, ఇప్పుడు అది డబ్బు కట్టి కొనుక్కునే సౌకర్యం అయింది. ఇంట్లోనూ అంతే. పాకెట్ మనీలో పది రూపాయలు కోస్తే పిల్లాడు ఆ పదికి తేలిగ్గా తెగిస్తాడు. కోయాల్సి వస్తే పనికి సంబంధించినదే కోయండి. గేమ్ ఆపమన్న సమయానికి ఆపకపోతే రేపటి గేమ్‌లో ఆ నిమిషాలు పోతాయి, అంతే. ఉపన్యాసం అక్కర్లేదు.

బలవంతంగా చూపిస్తే భయం ఇంకా పెరిగింది

కుక్కంటే భయపడే పిల్లని ఎత్తుకుని కుక్క మీదకు వంచితే భయం రెండింతలవుతుంది. మనస్తత్వవేత్త మేరీ కవర్ జోన్స్ 1924లో రాసిన పీటర్ ఉదంతం ఇందుకు సరైన దారి. మూడేళ్ళు నిండని పీటర్‌కి కుందేలంటే భయం. వాడు ఇష్టమైనది తింటూ ఉండగా కుందేలు పంజరాన్ని దూరంగా ఉంచి, భయపడనంత మేరకే రోజురోజుకీ దగ్గరకు జరిపారు. చివరికి దాన్ని చేత్తో నిమిరాడు. దూరం పిల్ల మొహం చూసి నిర్ణయించాలి, మన ఓపిక చూసి కాదు.

స్కూల్లో బంగారం, ఇంట్లో రాక్షసుడు

పిల్లాడు నటించడం లేదు, ఎక్కడ ఏది చెల్లుతుందో కనిపెట్టాడు. మిస్‌ని అడిగి తెలుసుకోండి: అక్కడ ఏ సమయానికి ఏం జరుగుతుంది, తప్పితే ఏం చేస్తారు? వాటిలో ఒకటి రెండు ఇంట్లో అవే మాటలతో పెట్టండి.

అన్నీ సరిగ్గానే చేశాం, మార్పు లేదు

పిలిస్తే పలకనిది మొండితనం కాకపోవచ్చు, వినికిడి లోపం కావచ్చు. పుస్తకం తీయనివాడికి బోర్డు కనబడకపోవచ్చు. మాటలు ఆలస్యమైన పిల్లలు చెప్పలేనిదాన్ని ఏడుపుతో చెబుతారు. నిద్ర చాలకపోవడం, నులిపురుగులు, మలబద్ధకం కూడా చూడాల్సినవే. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ వరకు పిల్లల్ని పరీక్షించే ప్రభుత్వ పథకం ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) 2013 నుంచి నడుస్తోంది. అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చే బృందాలు అవసరమైతే జిల్లా స్థాయిలో పిల్లల ఎదుగుదల లోపాలను ముందుగా గుర్తించి చికిత్స చేసే డీఈఐసీ కేంద్రానికి పంపుతాయి. ఎదుగుదలలో తేడా, బుద్ధిమాంద్యం అనుమానం ఉంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. ఇంట్లో పెద్దవాళ్ళకే ఓపిక నశించి టెన్షన్ పెరిగిపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ టెలిమానస్ నంబర్ 14416కి ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఎక్కడికి వెళ్ళినా మీరు మూడు గడులు గీసి రాసిన ఆ కాగితం వెంట తీసుకెళ్ళండి, డాక్టర్ అడిగే మొదటి పది ప్రశ్నలకు జవాబులు అందులోనే ఉంటాయి.