షుగర్ మందు ఎట్లా పనిచేస్తుంది? 4వ పాఠం: గ్లూకోకైనేజ్ అనే అలుగు

పోయిన పాఠంలో గ్లూకోజ్ కణం లోపలికి ఎట్లా వస్తుందో చూశాం. లోపలికి వచ్చాక దానికి ఒక ఫాస్ఫేట్ తగిలితేనే అది అక్కడ నిలుస్తుంది, ఖర్చవుతుంది. చాలా కణాల్లో ఈ పని హెక్సోకైనేజ్ అనే ఎంజైమ్ (పని జరిపించే ప్రొటీన్) చేస్తుంది. కాలేయంలో, ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్లో మాత్రం ముఖ్యంగా గ్లూకోకైనేజ్ చేస్తుంది.

నల్గొండ పక్క చెరువులు చూసినవాళ్లకు ఈ తేడా తేలిక. హెక్సోకైనేజ్ తూము. నీళ్లు అడుగంటుతున్నా పారుతూనే ఉంటుంది. గ్లూకోకైనేజ్ అలుగు. మట్టం పెరిగితేనే దుంకుతుంది. డెసిలీటరు రక్తంలో గ్లూకోజ్ సుమారు 145 మిల్లీగ్రాములు ఉన్నప్పుడు దాని వేగం గరిష్ఠంలో సగానికి చేరుతుంది. అయితే అలుగులా ఒక్కసారిగా కాదు, మెల్లమెల్లగా పెరుగుతుంది. ఆ వేగాన్ని బట్టే బీటా కణం ఇన్సులిన్ వదులుతుంది.

ఇప్పుడు ఈ పాఠంలోని అసలు మెలకువ. ఏదైనా ప్రొటీన్ మీద మందు వస్తోందని చదివితే, ఆ ప్రొటీన్ పుట్టుకతోనే మారిన మనుషులు ఉన్నారేమో ముందు వెతకండి. గ్లూకోకైనేజ్ జన్యువు ఒక కాపీ దెబ్బతిన్న కుటుంబాల సంగతి 1992లో బయటపడింది. వాళ్ల పరగడుపు షుగర్ కొంచెం ఎక్కువగా, ఏళ్ల తరబడి దాదాపు అక్కడే ఉంటుంది. అలుగు కాస్త ఎత్తుగా కట్టినట్టన్నమాట. గర్భిణులను పక్కన పెడితే, వీళ్లలో చాలామందికి మందే అవసరం పడదు. మరికొందరిలో ఈ ఎంజైమ్ మరీ చురుకు. షుగర్ తక్కువగా ఉన్నా ఇన్సులిన్ వచ్చేస్తుంది, పసిపిల్లలకు మూర్ఛలు కూడా రావచ్చు.

మా నాయన రిపోర్టులో 130 చూసి ఇల్లంతా టెన్షన్ పడిన రోజు నాకు గుర్తుంది. అయినా చెబుతున్నా, "మాదీ ఆ రకమేనేమో" అని మాత్రలు ఆపకండి. అది అరుదు, జన్యు పరీక్షతోనే తేలుతుంది.

అలుగు ఎత్తు దించే, అంటే గ్లూకోకైనేజ్‌ను చురుకు చేసే మందును పరిశోధకులు 2003లో ప్రకటించారు. తర్వాత వచ్చిన వాటిలో కొన్ని షుగర్‌ను మరీ పడేశాయి. కొన్ని రక్తంలో కొవ్వు పెంచాయి, కొన్నింటి పట్టు నెలల్లోనే సడలింది. ఈ రకం మందే అయిన డోర్జాగ్లియాటిన్‌కు 2022లో చైనా అనుమతి ఇచ్చింది.

అభ్యాసం: కాలేయంలో కూడా అలుగు దించితే, లోపలికి దుంకిన గ్లూకోజ్ అంతా ఎటు పోతుంది? రక్తంలో కొవ్వు ఎందుకు పెరిగి ఉంటుంది? రెండు వాక్యాల్లో రాసి దగ్గర పెట్టుకోండి. 5వ పాఠం కాలేయంతోనే మొదలవుతుంది.