పంటి మొగ్గ స్లైడు చూసి ఏ దశో చెప్పడం ఎలా

పిండం దవడ స్లైడు మైక్రోస్కోపు కింద పెట్టగానే పంటి మొగ్గ (పన్నుగా మారబోయే కణాల ముద్ద) టోపీలా కనిపిస్తే క్యాప్ స్టేజ్ అని, గంటలా కనిపిస్తే బెల్ స్టేజ్ అని రాసేస్తుంటారు. తప్పులు ఎక్కువగా దొర్లేది అక్కడే. కోత ఏ వాలున పడిందన్న దాన్ని బట్టి ఆకారం మారిపోతుంది. కణాలు మాత్రం అంత తేలిగ్గా మోసం చేయవు. కాబట్టి ఆకారం చూసి అనుకోండి, కణాలు చూసి రాయండి.

ముందు 4ఎక్స్ ఆబ్జెక్టివ్‌తో మొదలుపెట్టండి. నాలుక ఎటు ఉందో, చెంప ఎటు ఉందో తేల్చుకోండి. కింది దవడైతే మెకెల్ కార్టిలేజ్ (పిండం కింది దవడలోని మృదులాస్థి కడ్డీ) గుండ్రంగా, నీలంగా కనిపిస్తుంది. అదే మీ గుర్తు. ఆ తర్వాత నోటి ఎపిథీలియం (పైపొర కణజాలం) నుంచి లోపలికి దిగిన పట్టీ కోసం వెతకండి. ఒక్కోసారి రెండు పట్టీలు పక్కపక్కనే ఉంటాయి. పెదవి లేదా చెంప వైపు ఉన్నది వెస్టిబ్యులర్ లామినా. దాని మధ్య కణాలు నశించి చీలిక పడుతుంది, పెదవికీ చిగురుకీ మధ్య ఖాళీ అలా ఏర్పడుతుంది. నాలుక వైపు ఉన్నది డెంటల్ లామినా, పంటి మొగ్గ పుట్టేది దీని నుంచే. అనుమానం వస్తే పట్టీ కొస చుట్టూ చూడండి: మీసెన్‌కైమ్ (ఎపిథీలియం కింది పిండ కణజాలం) కణాలు గుమిగూడి ముదురుగా కనిపిస్తే అది డెంటల్ లామినానే.

వారాల లెక్క సుమారుగా ఇదీ: మనిషి పిండంలో 6వ వారంలో ఎపిథీలియం మందమవుతుంది, 8వ వారానికి బడ్ (మొగ్గ దశ), 9, 10 వారాల్లో క్యాప్, 11, 12 వారాల నుంచి బెల్, 14వ వారం ప్రాంతంలో పాలపళ్లలో గట్టి కణజాలం మొదలు. అయితే ఒకే దవడలో అన్ని మొగ్గలూ ఒకే దశలో ఉండవు. ముందు పళ్లు ముందుంటాయి, దవడ పళ్లు (మోలార్లు) వెనకబడతాయి. లేబుల్ మీద వయసు చూసి దశ రాయకండి. స్లైడు చిట్టెలుకదైతే (మౌస్) లెక్కే వేరు: కింది మొదటి మోలార్‌కు గర్భం 11.5వ రోజున ఎపిథీలియం మందమవడం, 13.5కు బడ్, 14.5కు క్యాప్, 16.5కు బెల్.

బడ్‌లో ఎపిథీలియం ముద్దలా ఉంటుంది. అంచు కణాలు కాస్త పొడవు, లోపలివి పలకలు పలకలుగా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. క్యాప్‌కు వచ్చేసరికి అడుగున గుంట పడుతుంది, లోపలి కణాలు విడివడి నక్షత్రాల్లా కొసలు చాచుకుంటాయి. అదే స్టెల్లేట్ రెటిక్యులం. గుంటలోని మీసెన్‌కైమ్ డెంటల్ పాపిల్లా. మొత్తాన్నీ చుట్టి ఉన్నది డెంటల్ ఫాలికిల్. పాపిల్లా నుంచి డెంటిన్ (ఎనామిల్ కింది గట్టి పొర), పల్ప్ (పన్ను లోపలి మెత్తని భాగం) వస్తాయి. ఫాలికిల్ నుంచి సిమెంటం (వేరు మీది పొర), పీరియోడాంటల్ లిగమెంట్ (వేరును ఎముకకు కట్టే పీచు) వస్తాయి. గుంట నడిమధ్య చిక్కటి కణాల ముద్ద కనిపిస్తే అది ఎనామిల్ నాట్. అందులోని కణాలు తాము విభజన చెందకుండా ఎఫ్‌జీఎఫ్4, ఎస్‌హెచ్‌హెచ్ వంటి సంకేత ప్రోటీన్లు పంపి చుట్టూ ఉన్నవాటిని పెంచుతాయి. పని అయ్యాక చచ్చిపోతాయి. అందుకే అది అన్ని స్లైడుల్లోనూ దొరకదు.

క్యాపా, బెల్లా అన్న తగవు తీర్చేది స్ట్రాటమ్ ఇంటర్మీడియం. లోపలి ఎనామిల్ ఎపిథీలియానికీ (పాపిల్లాను ఆనుకున్న కణాల వరస) స్టెల్లేట్ రెటిక్యులానికీ మధ్య రెండు మూడు వరసల చదునైన కణాలు కనిపిస్తే బెల్ అని ధైర్యంగా రాయండి.

లేట్ బెల్ స్లైడు చేతికొస్తే దాన్ని తీరిగ్గా చూడండి. ఒక్క మొగ్గలోనే ఎపిథీలియం నుంచి ఎనామిల్ దాకా జరిగే కథంతా వరసగా ఉంటుంది. 40ఎక్స్ పెట్టి, లోపలి, బయటి ఎపిథీలియాలు కలిసే మలుపు దగ్గర, అంటే సర్వైకల్ లూప్ దగ్గర మొదలుపెట్టి కస్ప్ (పన్ను పైని మొన) కొన వైపు నడవండి. లూప్ దగ్గర లోపలి ఎపిథీలియం కణాలు పొట్టిగా ఉంటాయి. కొంచెం పైకి పోతే పొడవవుతాయి, కేంద్రకాలు పాపిల్లాకు దూరంగా, స్ట్రాటమ్ ఇంటర్మీడియం వైపు జరుగుతాయి. ఇంకా పైకి పోతే వాటికి ఎదురుగా పాపిల్లా అంచున ఒడాంటోబ్లాస్టులు (డెంటిన్ కట్టే కణాలు) వరస కడతాయి. తర్వాత లేత గులాబీ రంగు గీత, అది ప్రీడెంటిన్ (ఇంకా గట్టిపడని డెంటిన్). ఆపైన ముదురు గులాబీ డెంటిన్. డెంటిన్ పడ్డాకే అమీలోబ్లాస్టులు (పొడవైన ఆ లోపలి ఎపిథీలియం కణాలే) ఎనామిల్ మొదలుపెడతాయి. మీ బొమ్మలో డెంటిన్ లేనిచోట ఎనామిల్ అని రాసి ఉంటే రబ్బరు తీసుకోండి. కస్ప్ కొన దగ్గర స్టెల్లేట్ రెటిక్యులం అణగిపోయి ఉండటం కూడా మామూలే. డెంటిన్ అడ్డొచ్చాక పాపిల్లా నుంచి పోషణ ఆగిపోతుంది; రెటిక్యులం అణిగితే బయటి ఫాలికిల్ రక్తనాళాలు అమీలోబ్లాస్టులకు దగ్గరవుతాయి.

ఇక బోల్తా కొట్టించేవి. బెల్‌ను అడ్డంగా కోస్తే పాపిల్లా దీవిలా, చుట్టూ ఎపిథీలియం గట్టులా కనిపిస్తుంది. లామినా అతుకు కనబడదు. క్యాప్ అంచున కోత పడితే అచ్చం బడ్‌లా ఉంటుంది. లోపల నక్షత్రాల కణాలున్నాయేమో చూడండి, లేదా పక్క సెక్షన్లు తెప్పించుకోండి. లామినా రెండుగా కనిపించి మధ్యలో మీసెన్‌కైమ్ ఉంటే అవి రెండు మొగ్గలు కావు, దాన్ని ఎనామిల్ నిచ్ అంటారు. అమీలోబ్లాస్టుల కింద తెల్లటి ఖాళీ చాలాసార్లు కణజాలం ముడుచుకోవడం వల్ల వస్తుంది. ముదిరిన ఎనామిల్ కాల్షియం తీసేందుకు వాడే ఆమ్లంలో కరిగిపోయినా అక్కడ ఖాళీయే మిగులుతుంది. దానికి పేరు పెట్టకండి.

బ్లాకు (కోతకు మైనంలో పొదిగిన కణజాలం) మీరే తయారు చేస్తుంటే 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్ కనీసం కణజాలానికి పది రెట్లు పోయండి. పన్ను ఇంకా మెత్తగానే ఉన్నా కాల్షియం తీసేయాల్సి రావచ్చు, ఎందుకంటే మనిషిలో కింది దవడ ఎముక 7వ వారం ప్రాంతంలోనే మొదలవుతుంది. అలాగే కోస్తే సెక్షను చిరుగుతుంది. తొందర లేకపోతే 10 శాతం ఈడీటీఏ (కాల్షియాన్ని మెల్లగా లాగేసే రసాయనం), పీహెచ్ 7.2 నుంచి 7.4 మధ్య, ద్రావణం మారుస్తూ వాడండి. నైట్రిక్ ఆమ్లం త్వరగా పని ముగిస్తుంది కానీ ఎక్కువసేపు ఉంచితే కేంద్రకాలకు రంగు పట్టదు. కేంద్రకం ఎటు జరిగిందో చూసి చదవాల్సిన స్లైడుకు అది పెద్ద నష్టం. 5 మైక్రాన్ల మందంతో, వరస తప్పకుండా కోసి, ప్రతి స్లైడుకూ సంఖ్య వేయండి.

క్రౌన్ (పన్ను పై భాగం) పూర్తయ్యి, సర్వైకల్ లూప్ దగ్గర స్ట్రాటమ్ ఇంటర్మీడియం, స్టెల్లేట్ రెటిక్యులం రెండూ లేకుండా లోపలి, బయటి ఎపిథీలియం మాత్రమే జంటగా కిందికి సాగి ఉంటే ఇక బెల్ అని రాయకూడదు. అది హెర్ట్‌విగ్ రూట్ షీత్, వేరు మొదలైంది.