రెయిడ్ 5 కూలింది, ఫైల్‌సిస్టమ్ మౌంట్ కావట్లేదు: డేటా వెనక్కి తెచ్చుకునే దారి

ఇది లైనక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్ (దాన్ని నడిపే టూల్ ఎండీఏడీఎం) మీద ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ వాడేవాళ్ల కోసం. రెయిడ్ 5 అంటే కొన్ని డిస్కులను ఒకటిగా కలిపి (ఆ గుంపే యారే), ఒక డిస్క్ పోయినా డేటాని తిరిగి లెక్కగట్టేందుకు ప్యారిటీ అనే అదనపు సమాచారం కూడా రాసుకునే పద్ధతి. ఉదాహరణ నా మిత్రుడి ఫొటో స్టూడియో సర్వర్. నాలుగు డిస్కులు, ఒక్కోటి 4 టీబీ, నిండా జనాల పెళ్లి ఫొటోలు.

లక్షణం: మౌంట్ కాదు, "సూపర్‌బ్లాక్‌లో (ఫైల్‌సిస్టమ్ ముఖ్య వివరాలుండే చోటు) మ్యాజిక్ నంబర్ (దాని గుర్తింపు సంఖ్య) తప్పు" అని కనిపిస్తుంది

ఇక్కడ ఎవరికైనా టెన్షన్ వస్తుంది. ఆ టెన్షన్‌లో ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్‌సిస్టమ్ తప్పులు సరిచేసే టూల్) నడిపి, అడిగిన ప్రతిదానికీ వై కొడతారు. దయచేసి ఆ పని చేయకండి. రెయిడ్‌లో డిస్కుల వరస తప్పుగా ఉన్నప్పుడు ఎఫ్‌ఎస్‌సీకేకి బాగున్న డేటా కూడా చెడిపోయినట్టే కనిపిస్తుంది. దాన్ని "సరిచేస్తూ" నిజంగానే చెడగొడుతుంది.

ముందు యారేని స్టాప్ చేయండి. తర్వాత ఎండీఏడీఎం ఎగ్జామిన్‌తో ప్రతి డిస్క్ వివరాలూ ఫైల్‌లోకి తీసి వేరేచోట దాచండి. ఈవెంట్ కౌంట్లు (యారేలో మార్పులు జరిగే కొద్దీ ప్రతి డిస్క్‌లో పెరిగే లెక్క) దగ్గరదగ్గరగా ఉంటే మీ అదృష్టం బాగున్నట్టే, డిస్కులను మళ్లీ యారేగా కలిపే అసెంబుల్ కమాండ్‌కి ఫోర్స్ చేర్చితే చాలాసార్లు యారే లేస్తుంది. ఒక డిస్క్ కౌంట్ బాగా వెనకబడి ఉంటే అది ఎప్పుడో పడిపోయిన డిస్క్. అందులో ఉన్నది పాత డేటా, దాన్ని కలపకండి.

కారణం: ఎవరో మళ్లీ క్రియేట్ కొట్టారు

స్టూడియోలో జరిగింది ఇదే. ఒక డిస్క్ నెలల కిందటే పడిపోయింది, ఎవరూ చూడలేదు. రెండోది కూడా పడగానే సాయానికి వచ్చినతను కొత్త యారే తయారుచేసే క్రియేట్ కమాండ్ ఇచ్చేశాడు. క్రియేట్ పాత రెయిడ్ వివరాల మీద కొత్తవి రాస్తుంది. రెయిడ్ 5లో అయితే అంతటితో ఆగదు, చివర పేర్కొన్న డిస్క్ మీద రీబిల్డ్ కూడా మొదలుపెడుతుంది. ఇక్కడ ఆ చివరిది పాత డేటా ఉన్న డిస్కే కావడంతో మిగతా మూడూ బతికాయి.

ఇంకో చిక్కు డేటా ఆఫ్‌సెట్, అంటే డిస్క్‌లో డేటా ఎక్కణ్నుంచి మొదలవుతుందన్నది. పాత ఎండీఏడీఎం చేసిన యారేల్లో డేటా 2048వ సెక్టార్ దగ్గర మొదలయ్యేది. తర్వాతి వెర్షన్లు తరచుగా 262144 సెక్టార్లు, అంటే 128 ఎంబీ వదిలేస్తాయి. వరస సరిగ్గా ఇచ్చినా ఆఫ్‌సెట్ తేడా ఉంటే ఏమీ దొరకదు.

పరిష్కారం

చెడ్డ సెక్టార్లున్న డిస్క్‌ని డీడీరెస్క్యూతో కొత్త డిస్క్‌లోకి కాపీ చేయండి. మ్యాప్‌ఫైల్ ఇవ్వడం మర్చిపోవద్దు, మధ్యలో ఆగినా అక్కణ్నుంచే కొనసాగించవచ్చు. ఆ తర్వాత ప్రతి డిస్క్‌కీ డివైస్ మ్యాపర్ స్నాప్‌షాట్‌తో ఓవర్‌లే పెట్టండి. ఇక రాతలన్నీ పక్కనున్న ఫైల్‌లోకి వెళ్తాయి, అసలు డిస్క్ కదలదు. తప్పు జరిగితే ఓవర్‌లే తీసేసి మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఈ ఒక్క మెట్టూ దాటవేయొద్దని చేతులు జోడించి చెప్తున్నాను.

ఇప్పుడు ఆఫ్‌సెట్. ఈఎక్స్‌టీ4 సూపర్‌బ్లాక్ డేటా మొదలైన 1024 బైట్ల తర్వాత ఉంటుంది. దాని 56వ బైట్ దగ్గర 53, ఈఎఫ్ అనే రెండు హెక్స్ బైట్లు కనిపించాలి. మామూలు లేఅవుట్‌లో (డేటా, ప్యారిటీలను డిస్కుల మీద పరిచే తీరు) అది కనిపించిన డిస్కే మొదటిది. మొదటి స్ట్రైప్ (అన్ని డిస్కుల మీదుగా సాగే ఒక అడ్డవరస) ప్యారిటీ చివరి డిస్క్‌లో ఉంటుంది కాబట్టి ఒక్కోసారి అక్కడ కూడా కనిపిస్తుంది, కంగారు పడొద్దు. ఒక హెచ్చరిక: ఎగ్జామిన్ ఆఫ్‌సెట్‌ని సెక్టార్లలో చూపిస్తుంది, డేటా ఆఫ్‌సెట్ ఆప్షన్‌కి మాత్రం కిలోబైట్లలో ఇవ్వాలి. 2048 సెక్టార్లంటే 1024 అని రాయాలి.

వరస కోసం పాత కెర్నల్ లాగ్ వెతకండి. ఏ డివైస్ ఎన్నో రెయిడ్ డిస్కో అందులో రాసి ఉంటుంది. మాకు లాగ్ మిగల్లేదు. మొదటి డిస్క్ తెలిసింది, పాత డేటా ఉన్నదాన్ని మిస్సింగ్ (లేని డిస్క్) అనుకున్నాం, మిగిలినవి ఆరు వరసలు. ప్రతిసారీ ఓవర్‌లేల మీద పాత చంక్ సైజ్ (తర్వాతి డిస్క్‌కి వెళ్లేముందు ఒక డిస్క్‌లో రాసే ముక్క పరిమాణం), లేఅవుట్, ఆఫ్‌సెట్‌లతో పాటు అజ్యూమ్-క్లీన్ (రీబిల్డ్ మొదలుపెట్టొద్దనే ఆప్షన్) చేర్చి క్రియేట్ చేసి, రీడ్-ఓన్లీ, నోలోడ్ (జర్నల్‌ని ముట్టుకోవద్దనే) ఆప్షన్లతో మౌంట్ చేసి చూశాం.

రెండు వరసల్లో మౌంట్ అయింది. మౌంట్ అయితే వరస సరైనదని కాదు! చంక్ 512 కేబీ కాబట్టి చిన్న ఫైళ్లు కొన్ని ఎలాగూ తెరుచుకుంటాయి. పెద్ద ఫొటో తెరవాలి. మొదటి వరసలో ఒక పెళ్లికూతురి నిలువు ఫొటో బాసికం, ముఖం వరకు బాగుంది, మెడ దగ్గర్నుంచి అంతా బూడిదరంగు. రెండో వరసలో అదే ఫొటో పాదాల పారాణి దాకా చెక్కుచెదరకుండా వచ్చింది. అలా పది పెద్ద ఫైళ్లు తెరిచి చూశాకే నమ్మాం.

వరస కుదిరాక, ఇంకా ఓవర్‌లే మీదే, ఎఫ్‌ఎస్‌సీకేని ముందు "ఎన్" ఆప్షన్‌తో (ఏమీ మార్చకుండా తప్పులు మాత్రమే చూపిస్తుంది) నడపండి. తప్పులు వేలల్లో వస్తే ముందు వరసనే అనుమానించండి. సూపర్‌బ్లాక్ ఒక్కటే పోయి ఉంటే, 4 కేబీ బ్లాకుల ఫైల్‌సిస్టమ్‌లో దాని నకళ్లు 32768, 98304, 163840 బ్లాకుల్లో ఉంటాయి. అదీ కుదరకపోతే డీబగ్‌ఎఫ్‌ఎస్ క్యాటస్ట్రాఫిక్ మోడ్‌లో ఫోల్డర్లు బయటికి లాగవచ్చు. ఫైళ్ల ఆనవాళ్లు వెతికి తీసే ఫొటోరెక్ ఆఖరి దారి, ఫైళ్ల పేర్లు దక్కవు. అది కూడా కుదిరిన యారే మీదే నడపాలి, విడి డిస్కుల మీద కాదు.

మీ ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4 కాక ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే రీడ్-ఓన్లీ, నోరికవరీ ఆప్షన్లతో మౌంట్ చేయండి. దాని రిపేర్ టూల్‌లో పెద్ద "ఎల్" ఆప్షన్ ఫైల్‌సిస్టమ్ లాగ్‌ని పారేస్తుంది, చివరిదాకా వాడొద్దు.

మళ్లీ జరగకుండా

రెండో డిస్క్ పడటానికి కారణం మామూలు డెస్క్‌టాప్ డిస్క్ వాడటం. చెడ్డ సెక్టార్ దొరికితే అది నిమిషానికి పైగా పట్టుబట్టి చదువుతూనే ఉంటుంది. కెర్నల్ 30 సెకన్లకే విసిగి రీసెట్ చేస్తుంది, దాంతో డిస్క్ యారే నుంచి బయటపడుతుంది. స్మార్ట్‌సీటీఎల్‌తో ఎస్‌సీటీ ఈఆర్‌సీని (చెడ్డ సెక్టార్ మీద డిస్క్ ఎంతసేపు ప్రయత్నించాలో చెప్పే గడువు) 7 సెకన్లకు పెట్టండి, డిస్క్ ఒప్పుకోకపోతే కెర్నల్ గడువుని 180 సెకన్లు చేయండి. రీబూట్ అయితే ఇవి పోవచ్చు, కాబట్టి బూట్ స్క్రిప్టులో ఉంచండి.

ఎండీఏడీఎం మానిటర్‌కి టెస్ట్, వన్‌షాట్ ఆప్షన్లిచ్చి మెయిల్ నిజంగా మీకు చేరుతోందో ఇవాళే చూడండి. స్టూడియో సర్వర్‌లో మొదటి డిస్క్ పడిన రోజే హెచ్చరిక వెళ్లింది. రూట్ మెయిల్‌బాక్స్‌లో, ఎవరూ తెరవకుండా, అది అలాగే ఉంది.