నాయకత్వంలో నిజాయతీ – 4వ పాఠం: “నా కోసం కాదు కదా” అన్నచోట ఆగడం

పోయిన పాఠం చివర “నేను ఎట్టి పరిస్థితిలోనూ చెయ్యని పనులు” అని ఒక జాబితా రాయమన్నాను. ఈ వారం ప్రతిఫలాల గురించి చెప్పాల్సింది. మీ జాబితాలు చదివాక దాన్ని పక్కన పెట్టేశాను. ముందు వీటి సంగతి తేలాలి.

లంచం తీసుకోను, దొంగ బిల్లు పెట్టను, ఇంకొకరి సంతకం చెయ్యను. దాదాపు అందరూ ఇవే రాశారు. ఇవి ఎందుకు తప్పో ఇక్కడ చెప్పను, మీకు తెలుసు. కానీ ఒకరు జాబితా కింద ఇలా రాశారు: “వీటిలో ఒక్కటీ దాటలేదండీ. అయినా ఈ నెల పైకి పంపిన రిపోర్టును నా కింద పనిచేసేవాళ్ళ ముందు తెరవమంటే తెరవలేను.” ఇదే ఇబ్బందిని వేరే మాటల్లో ఇంకా చాలామంది చెప్పారు. జాబితా పట్టుకోలేనిది వాళ్ళ మనసు పట్టుకుంది. కాబట్టి పాఠం అక్కడి నుంచే.

రేపు సమీక్ష ఉందనుకోండి. సాయంత్రం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చూసే అమ్మాయి వచ్చి, “సార్, ఇంకా పదకొండు లోపాలు తేలాయి, రెండు పెద్దవే” అంటుంది. రిపోర్టులో పని ఎలా ఉందో రంగుతో చూపే గడి ఉంటుంది: ఎరుపంటే చిక్కులో ఉన్నట్టు, పసుపంటే కాస్త జాగ్రత్త చాలన్నట్టు. ఇప్పుడది ఎర్రగా ఉండాలి. “ఆ రెండూ శుక్రవారానికి అయిపోతాయిలే అమ్మా, పసుపు పెట్టెయ్” అంటారు మీరు. అబద్ధం ఆడినట్టు అనిపించదు. శుక్రవారానికి అవుతుందని మీరు నిజంగానే నమ్ముతున్నారు. తీరా శుక్రవారానికి అవ్వదు. ఇప్పుడు ఎరుపు పెట్టాలంటే లోపాల గురించి చెబితే సరిపోదు, పోయిన వారం పసుపు ఎందుకు పెట్టారో కూడా చెప్పుకోవాలి. మొన్న ఒక్క మాటతో పోయేది ఇవాళ రెండు సంజాయిషీలైంది. అందుకని పసుపే ఉండిపోతుంది. మూడో వారం ఆ అమ్మాయి మీ దగ్గరికి రాదు. తనే పసుపు పెట్టి పంపేస్తుంది.

ఆ మూడో వారాన్ని బాగా చూడండి. మీరు ఏ ఆదేశమూ ఇవ్వలేదు, ఎవరినీ బెదిరించలేదు. అయినా మీకు ఏం వినడం ఇష్టమో ఆమెకు తెలిసిపోయింది. వెల్స్ ఫార్గో బ్యాంకులో ఖాతాదారులకు తెలియకుండా వాళ్ళ పేరిట లక్షలాది ఖాతాలు తెరిచిన సంగతి 2016లో బయటపడింది. అప్పటికి ఆ విషయంలో ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్ళు సుమారు 5,300 మంది. అంతమందీ పుట్టుకతో మోసగాళ్ళా? పైనుంచి దిగింది అమ్మకాల టార్గెట్. అది ఎలా చేరాలో కిందివాళ్ళు కనిపెట్టుకున్నారు.

నాయకుల నిజాయతీ మిగతావాళ్ళకంటే తొందరగా ఎందుకు జారుతుందో ఇక్కడే ఉంది. చిన్న ఉద్యోగి తప్పు లెక్క రాస్తే పైన దిద్దడానికి ఒకరుంటారు. పై కుర్చీలో ఉన్నవారు రాస్తే, దిద్దాల్సినవాళ్ళే దానికి తగ్గట్టు మిగతా లెక్కలు సర్దుతారు. నియమావళి ఉంటే చాలనుకునేవాళ్ళు, లెక్కల మోసంతో కూలిపోయిన అమెరికా ఇంధన కంపెనీ ఎన్రాన్‌ను చూడాలి. ఆ కంపెనీ నీతి నియమావళి 64 పేజీలు. వాళ్ళ ఆర్థిక విభాగాధిపతి సొంతంగా భాగస్వామ్య సంస్థలు నడుపుతూ వాటితో కంపెనీ చేత వ్యాపారం చేయించడానికి వీలుగా, 1999లో బోర్డే ఆ నియమావళిని పక్కన పెట్టి అనుమతిచ్చింది. రాతపూర్వకంగా, సమావేశం పెట్టి మరీ.

సత్యం కంప్యూటర్స్ సంగతి అందరూ విన్నదే, కానీ దాని ఛైర్మన్ తప్పు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరాన్ని ఈ పాఠం కోసం మళ్ళీ చదవండి. 2009 జనవరి 7న రామలింగరాజు తన బోర్డుకు రాసింది. 2008 సెప్టెంబరు చివరికి పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలైతే అందులో 5,040 కోట్లు అసలు లేవని అందులో ఉంది. అంకె కంటే దాని పుట్టుక ముఖ్యం. నిజమైన లాభానికీ చూపిన లాభానికీ మధ్య మొదట ఉన్నది కొద్దిపాటి తేడానే అనీ, ఏళ్ళ తరబడి అది పెరిగిందనీ రాశారు. పులి మీద స్వారీ లాగా, దాని నోట పడకుండా ఎలా దిగాలో తెలియలేదన్నారు. మన పసుపు గడి ఇదే. సున్నాలే తక్కువ.

అదే ఉత్తరంలో ఇంకో మాట ఉంది. కంపెనీ నుంచి తాను ఒక్క రూపాయి కూడా తీసుకోలేదని. 2015లో ప్రత్యేక కోర్టు ఆయన్ని దోషిగా తేల్చింది. ఆ మాట నిజమా కాదా అన్నది ఈ పాఠానికి అవసరం లేదు. తప్పు ఒప్పుకుంటున్న ఉత్తరంలో కూడా మనిషికి ఆ మాట ఎందుకు కావలసివచ్చిందన్నదే మన ప్రశ్న. నాకు అన్నిటికంటే కోపం తెప్పించే ఉచ్చు ఇదే కాబట్టి కాస్త ఎక్కువసేపు ఇక్కడే ఉంటాను.

“నా కోసం కాదు కదా, టీమ్ కోసం చేశాను.” మీరు పంపిన సమాధానాల్లో ఇది ఎన్ని రూపాల్లో వచ్చిందో! ప్రాజెక్టు పోతే పిల్లల ఉద్యోగాలు పోతాయని. క్లయింటు కంగారు పడతారని. పైవాళ్ళకు ఇప్పుడు చెబితే ఇంకా పాడుచేస్తారని. బోనస్ రాకపోతే ఇల్లు గడవనివాళ్ళున్నారని. ఇవేవీ అబద్ధాలు కావు, అందుకే ప్రమాదం. సొంత జేబు కోసం చేసే తప్పుకు మనసు లోపల అడ్డం తిరుగుతుంది. పరుల కోసమన్న తప్పుకు అదే మనసు వత్తాసు పలుకుతుంది, త్యాగం చేసినంత గర్వం కూడా ఇస్తుంది. నిజాయతీపరుడినని పేరున్నవాళ్ళే ఇందులో ముందు పడతారు. డబ్బు ముట్టుకోను అన్న ఒక్క గీత మీదే కాపలా కాస్తూ, మిగతా గీతలన్నీ వదిలేస్తారు.

దీనికి తోబుట్టువు ఇంకొకటుంది: “నా అభిప్రాయం వేరు, కానీ ఈ కుర్చీలో ఉండి అలా అనలేను.” 1986 జనవరి 27 రాత్రి, అమెరికా అంతరిక్ష నౌక చాలెంజర్ ప్రయోగానికి ముందు, దాన్ని పైకి నెట్టే బూస్టర్ రాకెట్లు తయారుచేసిన మోర్టన్ థయోకోల్ సంస్థ ఇంజనీర్లు ఇంత చలిలో ప్రయోగం వద్దని వాదించారు. నాసా ఒప్పుకోలేదు. సంస్థ పెద్దలు విడిగా మాట్లాడుకున్నారు. అప్పటిదాకా ఇంజనీర్ల వైపు ఉన్న ఉపాధ్యక్షుడితో, ఇంజనీరు టోపీ తీసి మేనేజర్ టోపీ పెట్టుకోమని పైఅధికారి అన్నాడు. ఆయన మాట మార్చాడు. మర్నాడు నింగికెగసిన 73 సెకన్లకు నౌక ముక్కలైంది, అందులోని ఏడుగురూ పోయారు. చలికి గట్టిపడతాయని ఇంజనీర్లు భయపడింది బూస్టర్ల అతుకులు మూసే రబ్బరు రింగుల గురించి. రాత్రికి రాత్రి వాటి గురించి కొత్త సమాచారమేమీ రాలేదు. మారింది మాట్లాడుతున్న హోదా.

ఇక పద్ధతి. చాలామంది “ఇది రేపు పేపర్లో వస్తే?” అని ప్రశ్నించుకోమంటారు. నాకది నచ్చదు. పేపర్లో రాదని అందరికీ తెలుసు. నేను వాడేది చిన్న ప్రశ్న: ఈ విషయం పూర్తిగా తెలియకూడదని నేను కోరుకుంటున్నది ఎవరికి? ఒక పేరు తట్టిందంటే గీత దాటుతున్నట్టే. జీతాలు, ఆరోగ్యం లాంటి గోప్యాలకు ఇది వర్తించదు. అక్కడ ఆ మనిషికి తెలియాల్సిన హక్కే లేదు. ఆ పేరును అదే రోజు, తేదీ వేసి రాసుకోండి. కారణం మాత్రం రాయకండి. కారణం రాయడం మొదలుపెడితే పేరు కింద పడిపోతుంది.

అభ్యాసం. గత మూడు నెలల్లో మీరు మెత్తబరిచి పంపిన అంకె గానీ రంగు గానీ ఒకటి ఎంచుకోండి. సరిచేసిన రిపోర్టును మొదటిసారి ఎవరెవరికి వెళ్ళిందో వాళ్ళందరికీ పంపండి, దాన్ని తయారుచేసిన చిన్న ఉద్యోగితో సహా. పాత అంకె, కొత్త అంకె, తేదీ రాయండి. సంజాయిషీ ఒక్క వాక్యం కూడా వద్దు, ఎవరైనా అడిగితే అప్పుడు చెప్పండి. పంపాక ఆ వారంలో మీ గదికి ఎవరు ఏ చెడు కబురుతో వచ్చారో రాసిపెట్టుకోండి. వచ్చే పాఠంలో, వాయిదా వేసిన ప్రతిఫలాల సంగతికి ఆ కాగితం కావాలి. పంపడానికి చెయ్యి ఆడకపోతే, ఎవరి పేరు దగ్గర ఆగిందో అదే రాసి తెండి.