ఒడిశా గంజాం జిల్లాలో గోపాల్‌పూర్ వైపు మన తెలుగు మత్స్యకారుల ఒడ్డు పేట చరిత్ర రాయాలన్నా, సంఘం పెట్టాలన్నా

అందరూ ముందు సంఘం రిజిస్టర్ చేద్దాం, చరిత్ర తర్వాత చూద్దాం అంటారు, నేనైతే తిరగెయ్యమంటా. రిజిస్ట్రేషన్ వచ్చే ఏడాదైనా అవుద్ది, కానీ పెద్దోళ్ళు అప్పటిదాకా ఉంటారని గ్యారంటీ లేదు కదా.

ముసలోళ్ళ దగ్గరికెళ్ళి ఏ సంవత్సరంలో అని మాత్రం అడక్కండి, ఎవరికీ గుర్తుండదు. "తాతా, ఫైలిన్ తుఫాను నాటికి మీ ఇల్లు ఎక్కడుండేది, 1999 తుఫాను నాటికి నీకు మనవలు పుట్టేసారా" అని అడగండి, లెక్క దానంతటదే తేలుద్ది. ఫైలిన్ 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది కాబట్టి దాన్ని మర్చిపోయినోళ్ళు ఉండరు. ఇంకా వెనక్కి వెళ్ళాలంటే రంగం, అదే బర్మాలో రంగూన్, సంగతి ఎత్తండి. మీ ఇంట్లో ఎవరెవరు రంగం ఓడ ఎక్కారు, 1942లో జపానోళ్ళు బర్మాలోకి వచ్చినప్పుడు ఎవరు నడిచి తిరిగొచ్చారు అని అడిగితే, అప్పటిదాకా మంచమ్మీద పడుకున్న మామ్మ కూడా లేచి కూర్చుంటది. స్టీమరు ఒడ్డుకి దూరంగా సముద్రంలో ఆగేది, మనుషుల్నీ సరుకునీ కెరటాల మీంచి దానిదాకా చేర్చింది మనోళ్ళ పడవలే, మేకుల్లేకుండా పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టిన పడవలు. ఆ కుట్టు ఎలా వేసేవారో, పాత తాడు ఎప్పుడు మార్చేవారో చేత్తో చూపించమని వీడియో తీసుకోండి, మాటల్లో రాస్తే సగం పోద్ది. ఫోటోలుంటే వెనక్కి తిప్పి కూడా ఒక ఫోటో తియ్యండి, స్టూడియో ముద్ర, పేర్లు ఉంటే అక్కడే ఉంటాయి.

ఇక కాగితాలు. గంజాం 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసింది, అంతకుముందంతా మద్రాసు ప్రెసిడెన్సీ. అందుకే పాతవి భువనేశ్వర్ ఆర్కైవ్స్‌లో దొరక్కపోతే చెన్నై ఎగ్మోర్‌లో తమిళనాడు ఆర్కైవ్స్‌కి వెళ్ళాలి. ఇప్పటి పట్టాలైతే ఒడిశా ప్రభుత్వ భూమి రికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో ఫోన్లోనే చూడొచ్చు, కానీ అంతా ఒడియాలో ఉంటది, స్కూలుకెళ్ళే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి, వాళ్ళు టకటకా చదివేస్తారు. మన ఇంటిపేర్లు అందులో చిత్రంగా మారిపోయి ఉంటాయి, కంగారు పడొద్దు, తండ్రి పేరు, ప్లాట్ నంబరు కలుస్తున్నాయో చూసుకోండి.

సంఘం విషయానికొస్తే 1860 సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు కావాలి. ఏడుగురూ ఒకే వంశం అయితే ఇంక ఆ సంఘం ఎవరిదో చెప్పక్కర్లేదు, వీధికొకళ్ళని తీసుకోండి, ఆడోళ్ళని తప్పకుండా పెట్టండి, ఎందుకంటే ఎండుచేపల లెక్కలు చూసినోళ్ళకి పుస్తకం రాయడం ఎవరూ నేర్పక్కర్లేదు. కులపెద్దలకి ముందే చెప్పండి, లేకపోతే గంగమ్మ పండగ చందా దగ్గర గొడవవుద్ది. ఆశయాలు, రూల్సు ఒడియాలోనో ఇంగ్లీషులోనో రాయించాలి, ఆఫీసులో తెలుగు నడవదు. మీటింగ్ పుస్తకం మాత్రం తెలుగులోనే రాయండి, సంతకాలు, వేలిముద్రలు అదే రోజు వేయించేయండి. బ్యాంకు ఖాతాకి ఇద్దరి సంతకాలు పెట్టండి. ఏటా జనరల్ బాడీ అయ్యాక కమిటీ లిస్టు రిజిస్ట్రారుకి ఇవ్వాలి, చాలా సంఘాలు ఇక్కడే బద్ధకిస్తాయి, తర్వాత ఏదైనా గ్రాంటుకి వెళ్తే మొదట అడిగేది అదే.

రికార్డింగులు, స్కాన్లు ఒక్క సెక్రటరీ ఫోన్లో ఉంచకండి, ఒక కాపీ బరంపురంలో ఉండే చుట్టాల ఇంట్లో పెట్టించండి, మన ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చినా అక్కడ భద్రంగా ఉంటాయి.