ట్రైలర్ కొనే ముందు సుద్దముక్క పట్టుకోండి

కారు వెనుక లాక్కెళ్లే నీటిబొట్టు ఆకారపు పడక బండిని ఇంట్లోనే చేసుకునేవారికి ఒక మాట. ప్లైవుడ్ షీటు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉంటుంది కదా అని చాలామంది అదే కొలత ట్రైలర్, అంటే కింద ఉండే చక్రాల చట్రం, చూస్తారు. చెక్క వృథా కాదు, నిజమే. కానీ ముందు వాకిట్లో ఆ కొలత గీసి, ఇద్దరూ పడుకుని చూడండి. హనుమకొండలో మా వాకిట్లో నేనూ మా ఆవిడా పడుకుంటే నా మోచేయి గీత దాటింది. గోడల మందం ఇంకా లెక్కలోకే రాలేదు! లోపల 5 అడుగుల వెడల్పు ఉంటే 60 అంగుళాల పరుపు హాయిగా పడుతుంది. పొడవు 8 అడుగులు చాలు. పరుపుకు ఆరున్నర పోగా మిగిలింది వెనుక వంటకు. నీళ్ల డబ్బా మాత్రం ఇరుసుకు ముందు వైపే పెట్టండి. వెనుక బరువు ఎక్కువైతే లక్నవరం చేరేలోపే బండి అటూ ఇటూ ఊగుతుంది.